కోతకు ముందే కట్టిన లెక్క

తుంటి ఎముక విరిగిన పెద్దావిడకు ఆపరేషన్ చక్కగా జరిగింది. ఎముక కుదిరింది, కుట్లు శుభ్రంగా ఉన్నాయి, రక్తపోటు నిలకడగా ఉంది. రెండో రాత్రి ఆమె చేతికున్న సెలైన్ సూది పీకేసుకుంది. పక్కన కూర్చున్న కొడుకును ఎప్పుడో పోయిన అన్నగారి పేరుతో పిలిచి బండి కట్టమంది. గోడ మీద చీమలబారు పాకుతోందంది. తెల్లారేసరికి మామూలుగా కాఫీ అడిగింది. సందె పడగానే మళ్లీ అదే వరస. ఇలాంటి దృశ్యం సర్జికల్ వార్డులో పనిచేసే ఏ నర్సుకూ కొత్త కాదు. ఇంటివాళ్లకు మాత్రం గుండె జారిపోతుంది. "మత్తు ఇంకా దిగలేదేమో" అని ఒకరు సర్దిచెబుతారు. "పెద్దతనం, చాదస్తం" అని మరొకరు తేల్చేస్తారు. మన పెద్దలు సంధి ప్రేలాపన అన్న ఈ స్థితిని డాక్టర్లు డెలీరియం అంటారు.

ఇది గంటల్లోనో ఒకటి రెండు రోజుల్లోనో ముంచుకొస్తుంది. ఒక పూట తగ్గినట్టుంటుంది, మరో పూట పెరుగుతుంది. మనసు ఒక్కచోట నిలవదు. ఏళ్ల తరబడి మెల్లగా కమ్ముకునే డిమెన్షియా వేరు, ఇది వేరు. అయితే డిమెన్షియా ఉన్నవారికి ఇది వచ్చే ముప్పు ఎక్కువ. గుండె ఆపరేషన్ చేయించుకున్న 225 మందిని ఏడాది పాటు గమనించిన ఒక అమెరికన్ అధ్యయనం 2012లో వచ్చింది. డెలీరియం వచ్చినవారి జ్ఞాపకశక్తి ఆపరేషన్ తర్వాత ఎక్కువగా పడిపోయిందనీ, మళ్లీ పుంజుకోవడానికి వారికి చాలాకాలం పట్టిందనీ అందులో తేలింది. వచ్చాక దాన్ని నమ్మకంగా నయం చేసే మందు లేదు. రాకుండా చూసుకోవడమే ఉన్నంతలో మేలైన దారి, ఆ దారి చాలామంది విషయంలో పనిచేస్తుంది కూడా. కాబట్టి ఎవరికి రాబోతోందో ముందే పసిగట్టడం మీదే బరువంతా పడుతుంది.

ఆ పసిగట్టే పనిని కృత్రిమ మేధకు అప్పగించినవారు చాలామంది ఉన్నారు. వాళ్ల పనుల్లో నాకు బాగా నచ్చిన ఒకదాన్ని ఇక్కడ పరిచయం చేస్తున్నాను. శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం వైద్య కేంద్రంలో ఆండ్రూ బిషారా, ఎలిజబెత్ విట్లాక్, వాన్యా డగ్లస్, జాక్వెలిన్ లియుంగ్, ఆన్ డోనవన్ తదితరులు కలిసి చేసిన పని ఇది. 2022లో బీఎంసీ అనస్థీషియాలజీ పత్రికలో అచ్చయింది. 2016 డిసెంబరు నుంచి 2019 డిసెంబరు దాకా అక్కడ మత్తు ఇచ్చి చికిత్స చేసిన 24,885 మంది పెద్దల రికార్డులు తీసుకున్నారు. ఆపరేషన్‌కు ముందు తెలిసే 115 సంగతుల ఆధారంగా, ఎవరి మతి తప్పుతుందో అంచనా కట్టే నమూనాలు తయారు చేశారు. పెద్దగా ఆర్భాటం లేని వ్యాసం. కానీ దగ్గరగా చదివితే ప్రతి మెట్టులోనూ పనితనం కనిపిస్తుంది.

ఆ పనితనం అర్థం కావాలంటే వాళ్లకు ముందున్న దారిని కొంచెం చూడాలి. 1994లో బోస్టన్‌లో ఎడ్వర్డ్ మార్కంటోనియో బృందం గుండె మినహా ఇతర పెద్ద ఆపరేషన్లకు వచ్చిన, యాభై దాటిన 1,341 మందిని పరిశీలించి ఒక పాయింట్ల పట్టిక తయారు చేసింది. డెబ్బై దాటితే ఒక పాయింటు, తాగుడు అలవాటుంటే ఒకటి, మతి ముందే మందగించి ఉంటే ఒకటి, సొంత పనులు చేసుకోలేకపోతే ఒకటి, సోడియం, పొటాషియం, చక్కెరల్లో ఏదైనా బాగా గాడి తప్పితే ఒకటి, ఛాతీ ఆపరేషనైతే ఒకటి, ఉబ్బిన పెద్ద ధమనికి చేసే ఆపరేషనైతే రెండు. ఒక్క పాయింటూ లేనివారిలో నూటికి ఇద్దరికి డెలీరియం వచ్చింది. మూడు, అంతకు మించి ఉన్నవారిలో సగం మందికి వచ్చింది. కాగితం, పెన్ను ఉంటే చాలు. ముప్ఫై ఏళ్లు దాటినా ఆ పట్టిక ఈనాటికీ చదవదగ్గదే.

శాన్‌ఫ్రాన్సిస్కో డాక్టర్లు తమ సొంత పట్టిక ఒకటి ముందే కట్టుకున్నారు. డగ్లస్ బృందం 2013లో ప్రచురించిన దాని పేరు ఎ-డబ్ల్యు-ఓ-ఎల్. ఎనభై ఏళ్లు దాటాయా, 'వరల్డ్' అనే ఇంగ్లీషు మాట అక్షరాలు వెనక నుంచి చెప్పగలరా, తాము ఎక్కడున్నారో తెలుసా, జబ్బు ఎంత తీవ్రంగా ఉంది అన్న నాలుగే ప్రశ్నలు. నర్సు మంచం పక్కన నిలబడి రెండు నిమిషాల్లో అడిగేయవచ్చు. తర్వాత విట్లాక్ బృందం దీనికి ఐదో అక్షరంగా ఎస్ చేర్చింది. ఏ ఆపరేషన్‌లో ఎంత ముప్పు అన్నది అందులో కలిపింది. 2020 నాటికి అది వాళ్ల ఆసుపత్రి ఎలక్ట్రానిక్ రికార్డులో ఒదిగిపోయింది. కొత్త యంత్రం తలపడాల్సింది దీనితోనే. తమ చేతులతో కట్టుకున్న, రోజూ వాడుతున్న పట్టికను పోటీకి నిలబెట్టారన్నది నాకు మొట్టమొదట నచ్చిన సంగతి. చాలా వ్యాసాల్లో కొత్త నమూనాను ఎవరూ వాడని బలహీనమైన దానితో పోల్చి గెలిపిస్తారు.

యంత్రానికి నేర్పడానికి జవాబులు కావాలి. ఫలానా మనిషికి డెలీరియం వచ్చింది, ఫలానావారికి రాలేదు అని ఎవరో రాసి ఉంచాలి. ఇక్కడ రాసింది నర్సులు. ఆ ఆసుపత్రిలో వార్డు నర్సులు నూ-డెస్క్ అనే చిన్న పరీక్షతో, ఐసీయూలోనైతే క్యామ్-ఐసీయూ పరీక్షతో రోగులను చూస్తారు. నూ-డెస్క్ 2005లో కెనడాలో పుట్టింది. అందులో ఐదు అంశాలుంటాయి: ఎక్కడున్నామో, ఎప్పుడో తెలియకపోవడం, సందర్భానికి తగని ప్రవర్తన, పొంతన లేని మాట, లేనివి కనిపించడం వినిపించడం, కదలికలోనూ స్పందనలోనూ మందకొడితనం. ఒక్కోదానికి సున్నా నుంచి రెండు దాకా వేస్తారు. మొత్తం రెండుకు చేరితే డెలీరియం ఉన్నట్టు లెక్క.

ఈ పని ఎలా ఉంటుందో మన వార్డులో ఊహించుకోండి. నర్సు వచ్చి, "మామ్మగారూ, ఇప్పుడు మనం ఎక్కడున్నామమ్మా?" అంటుంది. "మా ఇంట్లోనే కదమ్మా, ఇదిగో వరండా" అని జవాబు. ఒకటి పడుతుంది. మాటల మధ్యలో మామ్మ చేయి దుప్పటి మీద లేని దారాలు ఏరుతూ ఉంటుంది. అది కూడా నర్సు కంట పడుతుంది. వీటిని పట్టుకోవడం తేలికే. అసలు కష్టం ఆ పక్క మంచంలో ఉంది. అక్కడి తాతగారు ఎవరినీ విసిగించడు, గొట్టాలు పీకడు, పిలిస్తే కళ్లు తెరిచి మళ్లీ మూసుకుంటాడు. వార్డంతా ఆయన్ని మంచి పేషెంటు అనుకుంటుంది. డెలీరియంలో ఇలాంటి నిశ్శబ్ద రకం ముసలివారిలో చాలా ఎక్కువ. ఎక్కువగా తప్పిపోయేదీ అదే. నూ-డెస్క్‌లోని ఐదో అంశం ఉన్నది ఆయన కోసమే. అయినా రెండు పాయింట్ల గీత దగ్గర ఆగితే ఇలాంటివారు చాలామంది జారిపోతారని తర్వాతి పరిశీలనలు చూపాయి. నర్సు కంట పడనిదాన్ని యంత్రం నేర్చుకోలేదు. రాలేదని రాసి ఉంటే రాలేదనే నేర్చుకుంటుంది. అందుకే ఈ వ్యాసానికి పునాది ఏదంటే నేను ప్రతి షిఫ్టులో విసుక్కోకుండా ఆ ఐదు గడులు నింపిన నర్సులనే చూపిస్తాను. వాళ్లు లేకుండా ఈ 24,885 వరసలకు జవాబుల గడి ఉండేది కాదు.

ఆ గడిలో 'వచ్చింది' అని ఉన్నవి 5.3 శాతం. అంటే సుమారు 1,300 మంది. ఇక్కడే ఒక ఉచ్చు ఉంది. ఎవరి పేరు చెప్పినా "రాదు" అనే సోమరి యంత్రాన్ని తయారు చేసినా అది నూటికి దాదాపు తొంభై ఐదుసార్లు ఒప్పే అవుతుంది! ఎంత శాతం కచ్చితం అని మాత్రమే చాటుకునే ప్రకటనలను ఈ లెక్కతో చూడాలి. ఈ బృందం ఆ కొలతను నమ్ముకోలేదు. వాళ్లు వాడింది ఏయూసీ అనే కొలత. డెలీరియం వచ్చిన ఒకరినీ రాని ఒకరినీ తీసుకుని, ఇద్దరిలో ఎవరికి ఎక్కువ ముప్పు అని యంత్రాన్ని అడగాలి. ఇలా ఎన్నోసార్లు అడిగితే నూటికి ఎన్నిసార్లు సరిగ్గా చెబుతుందన్నదే ఆ అంకె. ఊరికే బొమ్మా బొరుసూ వేసినా నూటికి యాభై వస్తాయి, కాబట్టి అక్కడి నుంచి పైకి ఎంత ఎక్కిందో చూసుకోవాలి.

ఇక నాకు అన్నిటికన్నా గొప్పగా అనిపించిన విషయం, వాళ్లు పాటించిన నిగ్రహం. ఎలక్ట్రానిక్ రికార్డులో ఆపరేషన్ తర్వాతి సమాచారం కూడా కుప్పలుగా ఉంటుంది. ఎంతసేపు కోశారు, ఎంత రక్తం పోయింది, రాత్రి ఏ మందు పడింది, ఎన్ని గంటలకు నర్సును పిలిచారు. ఇవన్నీ కలిపితే అంకె పెరుగుతుంది. డెలీరియంలో ఆందోళన అణచడానికి ఇచ్చే హాలోపెరిడాల్ రాశారన్న ఒక్క ముక్క తగిలించినా చాలు, యంత్రం అద్భుతంగా 'జోస్యం' చెబుతుంది. ఎందుకంటే ఆ మందు రాసిన డాక్టరుకు అప్పటికే విషయం తెలుసు. జరిగిపోయినదాన్ని జరగబోయేదిగా చెప్పే ఇలాంటి నమూనాలు వైద్యంలో తరచూ కనిపిస్తాయి. కాగితం మీద వెలుగుతాయి, వార్డులో ఆరిపోతాయి. శాన్‌ఫ్రాన్సిస్కోవాళ్లు కోతకు ముందు తెలిసినదాని దగ్గర గీత గీసి, అవతలి వైపు చూడకూడదనుకున్నారు. అంకె కొంత తగ్గినా, మత్తు ఇవ్వబోయే డాక్టరుకు ఇంకా ఏమైనా చేయడానికి వ్యవధి ఉన్నప్పుడే జవాబు చేతికి వస్తుంది. పనిముట్టు ఎవరి చేతిలో, ఏ క్షణంలో పడాలో తెలిసినవారు చేసిన నిర్ణయం అది.

వాళ్లు రెండు రకాల యంత్రాలను కట్టారు. ఒకటి న్యూరల్ నెట్‌వర్క్, రెండోది ఎక్స్‌జీబూస్ట్. రెండోదాన్ని వాషింగ్టన్ విశ్వవిద్యాలయంలో టియాన్‌చీ చెన్, కార్లోస్ గెస్ట్రిన్ తయారు చేసి, దాని వివరాలను 2016లో వ్యాసంగా ప్రచురించారు. పాతకాలపు కొట్టులో బెల్లం తూచేవాడు మొదట పెద్ద రాయి వేస్తాడు, ముల్లు ఇంకా ఎటు వాలుతోందో చూసి చిన్న రాయి వేస్తాడు, ఆ తర్వాత ఇంకా చిన్నది. ఎక్స్‌జీబూస్ట్ చేసేది అదే. మొదట ఒక చిన్న ప్రశ్నల చెట్టు వేస్తుంది. దాని అంచనాకూ నిజానికీ మధ్య ఎంత తేడా మిగిలిందో చూసి, ఆ తేడాను మాత్రమే సరిచేసేలా రెండో చెట్టు వేస్తుంది. ఇలా చాలా చెట్లు. ఒక్కో చెట్టు తెలివి కొంచెమే, అన్నీ కలిసి చెప్పేది తుది అంచనా.

మాట వరసకు ఒక మనిషిని ఈ చెట్ల గుండా నడిపించి చూద్దాం. వయసు 82, తొడ ఎముక విరిగింది, రక్తంలో సోడియం 126కు పడిపోయింది, రోజూ రాత్రి అల్ప్రాజొలాం వేసుకునే అలవాటు. పాయింట్ల పట్టికైతే వయసుకు ఒకటి, సోడియానికి ఒకటి అని విడివిడిగా కలుపుతూ పోతుంది. కానీ మనిషి ఒంట్లో ఇవి విడివిడిగా ఉండవు. సోడియం 126 ఉన్న నలభై ఏళ్ల మనిషి కథ వేరు, అదే సోడియంతో ఏళ్లుగా నిద్రమాత్ర మీద ఉన్న ఎనభై రెండేళ్ల మనిషి కథ వేరు. చెట్టు ఒక ప్రశ్న కింద మరో ప్రశ్న వేస్తుంది కాబట్టి, వయసు దాటిన కొమ్మ కింద సోడియానికి ఒక విలువ, దాటని కొమ్మ కింద ఇంకో విలువ ఇవ్వగలదు. ఇక ఏదో పరీక్ష చేయనే లేదనుకోండి. ఎక్స్‌జీబూస్ట్ ఆ ఖాళీని చూసి తడబడదు, ఖాళీగా ఉన్నవారిని ఏ కొమ్మకు పంపితే మేలో అది కూడా నేర్చుకుంటుంది. ఆసుపత్రి రికార్డుల్లో ఖాళీలే ఎక్కువ కనుక ఇది చిన్న సౌకర్యం కాదు. డాక్టరు ఒక పరీక్ష రాయలేదంటే అది కూడా ఆ రోగి గురించి ఎంతో కొంత చెబుతుంది.

పోటీ ఫలితం ఇది. ఎక్స్‌జీబూస్ట్ 0.851, న్యూరల్ నెట్‌వర్క్ 0.841. వాడుకలో ఉన్న ఐదక్షరాల పట్టిక 0.762. అంటే ఇద్దరేసి మనుషుల్లో ఎవరికి ముప్పెక్కువో పాత పట్టిక నూటికి 76 సార్లు సరిగ్గా చెబితే, కొత్తది 85 సార్లు చెబుతోంది. ఇంతటితో ఆగి ఉంటే ఇది చాలా వ్యాసాల్లో ఒకటి అయ్యేది. వాళ్లు మరో రెండు నమూనాలను కూడా బరిలో దింపారు. ఒకదానిలో ఏ అంశాలు ముఖ్యమో డాక్టర్లు తమ అనుభవం కొద్దీ ఎంచారు, లెక్క మాత్రం ఒక్కో అంశానికి ఒక బరువిచ్చి కూడే పాత పద్ధతి రిగ్రెషన్‌దే. దానికి 0.763 వచ్చింది. రెండోదానిలో అంశాలను యంత్రం ఎంచింది, లెక్క మళ్లీ మామూలు రిగ్రెషనే. దానికి 0.824!

ఈ ఐదు అంకెలను పక్కపక్కన పెట్టుకుని చూడండి. డాక్టర్లు ఎంచినదానికీ యంత్రం ఎంచినదానికీ మధ్య తేడా ఎక్కువ. ఎంచిన తర్వాత లెక్క మామూలుగా కట్టినా, వందల చెట్లతో కట్టినా తేడా తక్కువ. అంటే యంత్రం బలం ఎక్కువగా ఏమి చూడాలో ఎంచడంలో ఉంది, ఎలా లెక్కపెట్టాలన్న దానిలో కాదు. ఈ సంగతి తేలాలంటే నమూనాలను సరిగ్గా ఇలాగే అమర్చాలి. ప్రయోగాన్ని రూపొందించడంలో ఉన్న నేర్పు ఇదే. దీని నుంచి నా అభిప్రాయం ఒకటి చెబుతాను. కంప్యూటర్ వ్యవస్థ బలంగా లేని ఆసుపత్రులకు, అంశాలను యంత్రం ఎంచి లెక్క రిగ్రెషన్‌తో కట్టిన ఆ నడిమి నమూనాయే సరైనది. దాన్ని విప్పి చూడవచ్చు, ఏ అంశానికి ఎంత బరువో డాక్టరుకు చూపించవచ్చు, తప్పు చేస్తే ఎక్కడ చేసిందో పట్టుకోవచ్చు. 0.851 కోసం ఆ సౌలభ్యాన్ని వదులుకోవడం నాకైతే లాభసాటిగా అనిపించదు.

ఇంకొక పరీక్ష ఉంది. చాలామంది దాన్ని ఒక్క వాక్యంలో దాటేస్తారు, నేను మాత్రం అదే ఎక్కువసేపు చూశాను. దాని పేరు కాలిబ్రేషన్. యంత్రం వంద మందికి ఒక్కొక్కరికి "మీ ముప్పు ఇరవై శాతం" అని చెప్పిందనుకోండి. ఆ వంద మందిలో నిజంగా ఇరవై మందికే రావాలి. యాభై మందికి వచ్చినా, ఐదుగురికే వచ్చినా ఆ అంకె అబద్ధం. ఎవరు ముందు ఎవరు వెనక అన్న వరస సరిగ్గా ఉండి కూడా అంకెలు అబద్ధం కావచ్చు. కుటుంబంతో మాట్లాడే డాక్టరు చెప్పేది వరస కాదు, అంకె. ఈ పరీక్షలో రెండు యంత్రాలూ, నడిమి నమూనా బాగా నెగ్గాయి. డాక్టర్లు ఎంచిన నమూనా, ఐదక్షరాల పట్టిక మాత్రం ముప్పు బాగా ఎక్కువగా ఉన్నవారి విషయంలో ఉన్నదానికన్నా ఎక్కువ చెప్పాయి. అతిగా భయపెట్టడం చిన్న తప్పేమీ కాదు. అవసరమైన ఆపరేషన్‌ను ఒక ముసలాయన మానుకోవడానికి ఆ ఒక్క అంకె చాలు.

లోటు లేదా అంటే ఉంది. సమాచారమంతా ఒకే సంస్థకు చెందిన రెండు ఆసుపత్రులది. పెద్దలంటే ఇక్కడ పద్దెనిమిది దాటిన వారంతా, ముసలివారు మాత్రమే కాదు. కాబట్టి వయసు ఒక్కటే చాలా పని చేసిపెడుతుంది. డెబ్బై దాటిన వారిలో ఒకరికీ మరొకరికీ తేడా చెప్పమంటే ఏ నమూనాకైనా కష్టం పెరుగుతుంది. మరో ఊరి ఆసుపత్రికి తీసుకెళ్తే అక్కడి రోగులు వేరు, రికార్డు రాసే అలవాటు వేరు. అక్కడ మళ్లీ పరీక్షించకుండా వాడకూడదు.

ముందే తెలియడం వేరు, ఆపడం వేరు. తెలిస్తే ఏం చేయాలన్నది యంత్రం చెప్పదు. అది 1999లోనే షారన్ ఇనౌయీ బృందం యేల్ న్యూ హేవెన్ ఆసుపత్రిలో చూపించింది. డెబ్బై దాటిన 852 మంది మీద చేసిన ఆ ప్రయత్నంలో ఖరీదైన మందేదీ లేదు. కళ్లజోడు పెట్టడం, చెవి మిషను తగిలించడం, నీళ్లు తాగించడం, లేపి నడిపించడం, ఈ రోజు ఏ వారమో గుర్తుచేస్తూ మాట్లాడటం, రాత్రి మాత్ర బదులు వెచ్చని పానీయం ఇచ్చి నిద్ర పుచ్చడం. మామూలు సేవ అందుకున్నవారిలో 15 శాతానికి డెలీరియం వస్తే వీరిలో 9.9 శాతానికే వచ్చింది. 2001లో మార్కంటోనియో తుంటి విరిగిన 126 మంది విషయంలో వృద్ధుల వైద్య నిపుణుడిని మొదటి నుంచే తోడు పెట్టి, 50 శాతాన్ని 32 శాతానికి దించాడు. మరోవైపు తెలివైన ఉపాయాలన్నీ ఫలించవు. సెయింట్ లూయిస్‌లో 1,232 మందికి మెదడు తరంగాలు చూస్తూ మత్తు తగ్గించి ఇచ్చిన ప్రయోగం 2019లో వచ్చింది. ఆ పద్ధతిలో 26 శాతం, మామూలు పద్ధతిలో 23 శాతం. ఏమీ ఆపలేకపోయింది.

మంచం పక్కన నిలబడి చేసే ఈ సేవకు మనుషులు కావాలి. ప్రతి వృద్ధుడి పక్కనా ఒకరిని కూర్చోబెట్టే ఆసుపత్రి ప్రపంచంలో లేదు. యంత్రం అక్కరకొచ్చేది ఇక్కడే, ఉన్న కొద్దిమందీ ముందుగా ఏ మంచం దగ్గరికి వెళ్లాలో అది చెబుతుంది. న్యూయార్క్‌లోని మౌంట్ సైనై ఆసుపత్రిలో ఇలాంటి ఒక నమూనాను రోజువారీ పనిలో పెట్టారు. అది రికార్డులోని అంకెలతో పాటు సిబ్బంది రాసిన రాతలను కూడా చదువుతుంది. దాని ఫలితాలు 2025లో అచ్చయ్యాయి. నెలనెలా డెలీరియంను గుర్తించడం 4.4 శాతం నుంచి 17.2 శాతానికి పెరిగింది. ముసలివారికి వేసే మత్తుమందుల మోతాదు తగ్గింది. జబ్బు పెరిగిందని కాదు, ఇంతకాలం కనపడకుండా మంచం మీద ఉన్నవారు కంటపడ్డారన్నమాట. నర్సుల చూపును యంత్రం ఎలా పదును పెట్టగలదో దీనికన్నా మంచి నిదర్శనం నాకు తెలియదు.

మనవాళ్లకు దీనితో సూటిగా ఒక సంబంధం ఉంది. శాన్‌ఫ్రాన్సిస్కో పరిసరాల్లో, ఫ్రీమాంట్, శాన్‌హోసేల్లో పిల్లల దగ్గర ఉంటున్న తెలుగు తల్లిదండ్రులు చాలామంది. అక్కడ ఒక అమ్మమ్మను 'వరల్డ్' అక్షరాలు వెనక నుంచి చెప్పమంటే చెప్పలేకపోవచ్చు. అది మతి లోపం కాదు, ఆ భాష ఆమెది కాదు అంతే. కానీ రికార్డులో మాత్రం 'చెప్పలేకపోయారు' అనే పడుతుంది, యంత్రం దాన్నే చదువుతుంది. ఇక్కడ మన ఊళ్లోనూ ఇదే చిక్కు. జనవరి నుంచి డిసెంబరు దాకా నెలలు వెనక నుంచి చెప్పమంటే తడబడే తాతగారు, ఫాల్గుణం, మాఘం, పుష్యం అంటూ తెలుగు నెలలు వెనక్కి గడగడా అప్పజెప్పగలరు. పరీక్షించాల్సింది ఏకాగ్రతను, క్యాలెండరును కాదు. బడికి వెళ్లనివారి కోసం హిందీలో మతి పరీక్షను 1990లలోనే హర్యానాలోని బల్లభ్‌గఢ్‌లో రూపొందించారు. హైదరాబాద్ నిమ్స్‌లో సువర్ణ అల్లాడి బృందం ఆడెన్‌బ్రూక్స్ అనే మతి పరీక్షకు తెలుగు రూపం ఇచ్చింది. డెలీరియం లెక్కలు మనవారికి సరిపడేలా కట్టాలంటే మొదలుపెట్టాల్సింది ఇలాంటి చోటనే. మన వార్డుల్లో నర్సులు తెలుగులో అడిగి, ప్రతి షిఫ్టులో ఆ ఐదు గడులు నింపడం మొదలైతే తప్ప యంత్రానికి నేర్పడానికి మన దగ్గర ఏమీ ఉండదు. చాలాచోట్ల కేసు షీటు ఇంకా కాగితమే కావచ్చు. గడులు నింపడానికి కాగితం చాలు.

అంతవరకు మనం చేయగలిగింది ఒకటుంది. ఆపరేషన్‌కు ముందు యంత్రం వెతికే సంగతుల్లో చాలా భాగం ఇంటివాళ్లకు తెలిసినవే. పెద్దవారు రోజూ వేసుకునే మందులన్నీ, ముఖ్యంగా నిద్రమాత్రలు, ఒక కాగితం మీద రాయండి. ఎవిల్ లాంటి పాత తరం అలర్జీ మందులు వాడుతుంటే అవి కూడా రాయండి, అవి ముసలివారి మతిని తొందరగా చెదరగొడతాయి. తాగుడు అలవాటు ఉంటే మొహమాటపడి దాచవద్దు. ఇంతకుముందు జ్వరంలోనో, ఏదైనా ఆపరేషన్ తర్వాతనో మతి తప్పి మాట్లాడారా, ఈ మధ్య మతిమరుపు పెరిగిందా, చెవి వినిపిస్తుందా, చూపు ఎలా ఉంది, ఇవన్నీ రాయండి. కళ్లజోడు, చెవి మిషను, కట్టుడు పళ్లు ఇంట్లో భద్రంగా దాచకుండా ఆసుపత్రికి తీసుకెళ్లండి. ఆ కాగితాన్ని ఆపరేషన్ ముందు రోజే మత్తు డాక్టరు చేతికి ఇచ్చి, చదివేదాకా అక్కడే నిలబడండి.